తిప్పి పంపే బాణం

నా అక్షరదోషాలు మన్నించండి. మీ పత్రికకు పొద్దున మొదలుపెట్టిన కార్డు ఇది, దీపాల వేళకు ఈ వాక్యానికి వచ్చాను.

"కోడి రాగానే యంత్రం పరీక్షిస్తుంది," అని కోడలి కంప్యూటరు తెర మీద వేలు పెట్టి చదివాను.

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. "కోడి కాదత్తయ్యా, కోడు! ప్రోగ్రాములు రాసేవాళ్ళు పంపేది."

కంప్యూటర్లు వాటంతటవి చేసుకుపోయే పనులు ఏ వరుసలో నడుస్తాయో, ఆ రాసేవాళ్ళకు బొమ్మలు గీసి వివరించడం మా కోడలి ఉద్యోగం. అన్నీ డబ్బాలు, బాణాలు.

"కొమ్ముకీ గుడికీ తేడా తెలీని మొహం నాది. బడిలోనూ ఇలాగే నవ్వారు. ఇక మానేస్తానే."

మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకుందామని పట్టిన పలకను మంచం కిందికి తోసేశాను.

"ఈ బాణం చదివి మానేయండి."

వెనక్కి తిరిగిన ఎర్ర బాణం. కూడబలుక్కున్నాను. "తప్పుంటే... రాసినవారికి... తిట్టి పంపుతుంది."

"తిట్టి కాదు, తిప్పి! యంత్రానికి తిట్టడం రాదు. దిద్దుకుని మళ్ళీ పంపమంటుంది, అంతే."

"ఎన్నిసార్లు?"

"సరయ్యేదాకా. అంత చదువుకున్నవాళ్ళకీ రోజూ వెనక్కొస్తుంది. ఎవరూ మానెయ్యలేదు మరి."

వంగి పలకను బయటికి లాగాను. నడుము పట్టేసింది. తోసేటప్పుడే ఉండాలి బుద్ధి.

పేరు నత్తమ్మ, నా నిదానం చూసి మనవరాలు పెట్టింది. వయసు డెబ్బై ఒకటి. ప్రస్తుతం కోడి ఇంట్లో ఉంటున్నాను.

మధ్యలో ఒక అక్షరం ఎగిరిపోయినట్టుంది. తిప్పి పంపండి, దిద్దుతాను.