మూడో చరణం దగ్గర

“మీ నాన్న అలక ఇంకా తీరలేదా?” మంచం మీద నుంచే అడిగింది అమ్మ.

“ఎక్కొద్దన్న స్టూలు ఎక్కావుగా. ఎలా తీరుతుంది?” అంది కూతురు దుప్పటి సర్దుతూ.

ఆ స్టూలు మీద నుంచి పడే అమ్మకు తుంటి విరిగింది. ఆమె ఆస్పత్రిలో ఉండగానే, ఇంటిపక్క వేణువుల కొట్లో పని చేసుకుంటూ నాన్న కుప్పకూలిపోయాడు. “ఆవిడ గుండె బలహీనంగా ఉంది, ఇప్పుడే చెప్పకండి,” అన్నాడు డాక్టరు. కూతురు చెప్పలేదు, నాన్న అలిగి రావడం లేదంది. నాన్న అలకలు వీధి వీధంతా ఎరిగినవే. పాత చొక్కాను మసిగుడ్డ చేసిందని ఒకసారి మూడు నెలలు పెళ్లాంతో మాట్లాడలేదు. అందుకే అబద్ధం అతికింది.

అంత్యక్రియల పనులన్నీ కూతురే చూసుకుంది. వచ్చినవాళ్లకు కుర్చీలు వేసింది. కంట చుక్క రాలేదు. “దీనిది గుండె కాదు, బండ,” అని పిన్ని పైకే అనేసింది.

ఇంటికొచ్చిన రోజు అమ్మ కూతురి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత పేచీ మొదలుపెట్టింది.

“అలిగినా ఊదడం మానడే మనిషి. ఏదీ, వినపడదేం? ఆ వేణువు వినపడితేనే నేను ముద్ద ముట్టేది.”

ఇక తప్పలేదు. కూతురు కొట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎర్రగా కాల్చిన చువ్వతో కన్నాలు వేశాక, ప్రతి వేణువునూ నాన్న ఒకే పాట ఊది చూసేవాడు. మూడో చరణం దగ్గర ఆగి, మోకాలికేసి తట్టి, లోపలి మసి దులిపి, మళ్లీ అందుకునేవాడు. చిన్నప్పుడు ఆయన దగ్గరే నేర్చుకున్న పాట. ఆ తట్టడంతో సహా అచ్చు దించేసింది.

తిరిగొచ్చేసరికి కంచం ఖాళీ.

“ముసలాడికి ఊపిరి తగ్గింది. రేపు ఇంకాస్త గట్టిగా ఊదమను,” అంది అమ్మ.

రోజూ సాయంత్రం అదే తంతు. నాన్నకు ఒంట్లో బాగోలేదని ఒకరోజు దాటెయ్యబోతే అమ్మ కంచం తోసేసింది. మెల్లగా కోలుకుని, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. నిజం చెప్పాల్సిన రోజు దగ్గరపడుతోందని కూతురికి గుబులు.

ఆ సాయంత్రం బల్ల కింద ఓ వేణువు దొరికింది. నాన్న చివరిది. కన్నాలు వేశాడు, ఊది చూడలేదు. అదే అందుకుంది.

మూడో చరణం దగ్గర ఆగింది. మోకాలికేసి తట్టింది.

ఇన్నాళ్లూ ఏమీ రాలలేదు. ఇవాళ ఒళ్లో నల్లగా మసి రాలింది.

మళ్లీ ఊదబోయింది. ఊపిరి అందలేదు. గొంతులోంచి వచ్చిన అరుపు ఆమెకే కొత్తగా ఉంది. నోరు నొక్కుకున్నా ఆగలేదు.

తలుపు తెరుచుకుంది. కర్ర మీద వంగి, రొప్పుతూ అమ్మ.

కూతురు వేణువును వెనక్కి దాచుకుంది. “అమ్మా, నాన్న...”

అమ్మ ఆమె తలను పొట్టకు హత్తుకుంది.

“ఆస్పత్రికి ఆయన రాని పూటే నాకు తెలిసిందే తల్లీ, నీకీ ఏడుపు రావాలనే ఇన్నాళ్లూ నీచేత ఊదించాను.”