రెండు పళ్ళు, ఒక పాకెట్ నవల

ఆదివారం పదింటిలోగా ఆ పుస్తకం మాయమైపోవాలి. లేదంటే తనే మాయమైపోవాలి. బైండరుకు మూడో దారి తోచలేదు.

పుస్తకం బావగారిది. ఆయనకు పాత డిటెక్టివ్ పాకెట్ నవలలంటే ప్రాణం. ఎంత నలిగితే అంత మోజు. మూలలు మడతపడ్డవి, టీ మరకలవి, అద్దె లైబ్రరీ ముద్రలు పడ్డవి ఏరి తెచ్చి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బీరువాలో నిలబెడతాడు. సాయంత్రం కాగానే అట్టలన్నీ చూసుకుని, వాసన పీల్చి, తలుపు వేసేస్తాడు. చదవడం మాత్రం మహాపరాధం. తెరిస్తే కుట్టు ఊడిపోతుందట.

వాటిల్లో మకుటం లాంటిది 'మూడో మెట్టు మీద శవం'. ఎక్కడ వెతికినా రెండో ప్రతి దొరకదు.

దాని మీదే బైండరు కక్కుర్తి పడ్డాడు. నాలుగేళ్ళ క్రితం, సరిగ్గా పెళ్ళికి నెల ముందు, అతని ముందరి పళ్ళు రెండు ఊడాయి. వీధి చివరి పళ్ళ డాక్టరుకు డిటెక్టివ్ కథల పిచ్చి; ఈ నవల కోసం ఎప్పట్నుంచో వెతుకుతున్నాడు.

"నాకు అట్టెందుకయ్యా? హంతకుడెవడో తెలిస్తే చాలు. లోపలి కాగితాలు తెచ్చివ్వు, పళ్ళు ఊరికే కట్టేస్తాను" అన్నాడాయన.

అట్ట ఊగుతోందని బావగారు నమ్మి చేతికిచ్చిన పుస్తకం అది. బైండరు లోపలి కాగితాలు ఊడదీసి డాక్టరుకిచ్చాడు. పాత టెలిఫోన్ డైరెక్టరీని అదే కొలతకు కోసి, అట్టలో పెట్టి కుట్టేశాడు. బావగారు అట్టను తిప్పి తిప్పి చూసి, "నీ చేతిలో ఏదో మహత్తు ఉందోయ్!" అని మురిసిపోయాడు. బైండరు కొత్త పళ్ళు రెండూ కనబడేలా నవ్వాడు.

ఇప్పుడా నవలను మళ్ళీ అచ్చు వేస్తానంటూ ఒక ప్రచురణకర్త ఆదివారం ఇంటికి వస్తున్నాడు. పాత నవలలు పోగేసే మిత్రులందరి ఎదుటా కవరు విప్పి, ఆఖరి అధ్యాయం పైకి చదువుతారట. బండారం బయటపడితే ఇంకేముంది! బైండింగ్ షాపు ఉన్నది బావగారి ముందు గదిలో, కాపురం బావగారి మేడ మీద. తండ్రి దగ్గర అక్కా తనూ ఇద్దరూ పుస్తకాలు కుట్టే పని నేర్చుకున్నా, ఆ షాపు తనకే పెట్టించిన మనిషి ఆయన.

శనివారం మధ్యాహ్నం కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంట్రా, అలా ఉన్నావు?" అంది అక్క.

"రేపు అంతమంది ముందు ఆ పుస్తకం తెరవడం అవసరమా అక్కా?"

"తెరవనీరా. కొంపలేమీ మునిగిపోవు. నువ్వు నిశ్చింతగా తిను."

పిచ్చి అక్క, దీనికేం తెలుసు అనుకున్నాడు.

బావగారి గురక మొదలవగానే బీరువా తెరిచాడు. పుస్తకాన్ని చొక్కాలో దోపుకుని షాపుకొచ్చి, జిగురు కాచే పొయ్యిలో కవరుతో సహా పడేశాడు. తెరిచి చూడనైనా లేదు. తను కుట్టిన డైరెక్టరీలో కొత్తగా చూసేదేముంది? బూడిదయ్యాకే ఊపిరి పీల్చుకున్నాడు.

ఆదివారం పదింటికి ఖాళీ అయిన చోటు చూసి బావగారు కుర్చీలో కూలబడ్డాడు. వచ్చినవాళ్ళు ఒకరి సంచీ వైపు ఒకరు అనుమానంగా చూసుకున్నారు. వాళ్ళలో అది మామూలే. బావగారు చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే బైండరు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. పోయింది టెలిఫోన్ నంబర్లే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

అక్క అతని చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"నువ్వే తీశావు కదూ? ఎక్కడ పెట్టావో చెప్పు. ఏ మంచం కిందో దొరికిందని చెప్పి నేను సర్దుతాను."

"కాల్చేశాను. ఊరుకో అక్కా, లోపలున్నది ఉత్త డైరెక్టరీ! నాలుగేళ్ళ క్రితం నేనే..."

"తెలుసురా" అంటూ అక్క గోడకు జారగిలబడింది. "ఈ ఇంట్లో పుస్తకాలు తెరిచి చదివేది నేనొక్కదాన్నే. ఆ కుట్టు నీదేనని చూడగానే తెలిసింది. ఊరికే వచ్చిన నీ పళ్ళ సంగతీ అప్పుడే అర్థమైంది. నీ పరువు పోకూడదని పళ్ళ డాక్టరు కాళ్ళావేళ్ళా పడి అసలు కాగితాలు తెచ్చి, పోయిన నెలే మళ్ళీ ఆ అట్టలో కుట్టిపెట్టాను కదరా!"