బాల్కనీ కమ్మీలు

ఆ మనిషి వరుసగా మూడో రోజు కూడా వచ్చి, కట్టుబడి జరుగుతున్న ఇంటి ముందు నిలబడ్డాడు.

బట్టల అంగడి చెంగయ్యకు అది బొత్తిగా నచ్చలేదు. ఎట్లా నచ్చుతుంది? అసలే కంట్రోలు కాలం. సిమెంటుకు పర్మిట్టు, ఇనుముకు పర్మిట్టు. ఎనిమిది నెలలు చిత్తూరు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే దక్కిన కమ్మీలవి.

తిరుపతి బజారు వీధిలో కాంక్రీటు మిద్దె అంటే అప్పటికి వింతే. దూలాలు అక్కర్లేదు, చెద పట్టదు, వానకు కారదు. పైగా స్తంభమన్నది లేకుండా వీధిలోకి నాలుగడుగుల బాల్కనీ. గంగమ్మ జాతరకు ఇంటిల్లిపాదీ అందులో నిలబడి వేషాలు చూడాలని చెంగయ్య భార్య తిరుమలమ్మ ముచ్చట.

అట్లాంటి ఇంటి మీద ముక్కూ మొహం తెలియనివాడి కన్ను పడితే ఒళ్ళు మండదూ మరి.

"ఎవురప్పా నువ్వు? యా ఊరు?"

అతను ఊరు చెప్పలేదు.

"బాల్కనీలో కమ్మీలు అడుగున ఏసుండారు. పైన ఉండాల," అన్నాడు.

"గదికి అడుగునే గదా ఏసినారు?"

"గది కప్పుకు రెండు పక్కలా గోడలుండాయి. అది నడుమ వంగుతాది, అడుగు సాగుతాది. బాల్కనీకి ఒక పక్కే గోడ. కొస వాలితే పైభాగం సాగుతాది. సిమెంటు బరువుకు ఓర్సుకుంటాది గానీ సాగుడుకు ఓర్సుకోదప్పా. సాగే తావునే ఇనుముండాల."

మేస్త్రీ కుప్పుస్వామి పక్కున నవ్వాడు. ముప్పై ఏళ్ళు దూలాల మీద సున్నం మిద్దెలు కట్టిన చెయ్యి అతనిది. బరువు మోసే దూలం అడుగునే ఉంటుంది కదా, కమ్మీ మాత్రం వేరే ఎందుకవుతుందని అతని నమ్మకం.

"నా పని లాక్కుందామని వచ్చినాడో, కమ్మీలే ఎత్తకపోదామని వచ్చినాడో. నమ్మొద్దు సామీ," అన్నాడు.

రెండోదే నిజమనిపించింది చెంగయ్యకు. ఆ మనిషిని వీధి చివరిదాకా తరిమి వచ్చాడు.

మరునాడు కాంక్రీటు పోశారు. మధ్యాహ్నానికి గది కప్పు ముప్పాతిక అయింది, బాల్కనీ వైపు మిగిలింది. కూలీలు సంగటి తినడానికి పెరట్లోకి పోయారు. మనసు ఊరుకోక చెంగయ్య నిచ్చెనెక్కి చూశాడు.

బాల్కనీకి పరిచిన చెక్క పలకల మీద ఆ మనిషే. చేతిలో పటకారు, పక్కన తీగచుట్ట.

"దొరికినావు," అని చెంగయ్య జుట్టు పట్టుకున్నాడు.

అతను పెనుగులాడలేదు. చేతులు మాత్రం ఆపలేదు.

"ఇంక రెండే కట్లప్పా. ఆపైన కొట్టు," అన్నాడు.

కేకలు విని కుప్పుస్వామి వచ్చాడు. కమ్మీలన్నీ రాతిముక్కల మీద పైకి లేచి ఉన్నాయి.

"చూసినారా సామీ, ఊడదీసుకొని పోయేదానికి ఎట్లా లేపి పెట్టుకున్నాడో."

పోలీసులొచ్చి ఆ మనిషిని పట్టుకుపోయారు. కిందేమో కలిపిన కాంక్రీటు మాలు గట్టిపడేట్టుంది. కమ్మీలు మళ్ళీ దించే తీరిక లేదు.

"పైనుంటే ఏమి, కిందుంటే ఏమి, పొయ్యండి," అన్నాడు కుప్పుస్వామి. పోసేశారు.

చెంగయ్య కోర్టులో సాక్ష్యం చెప్పి వచ్చి, ఆ సంగతే మరిచిపోయాడు.

జాతర వచ్చింది. చెంగయ్య బాల్కనీలో తిరుమలమ్మ, మనవళ్ళు, చుట్టాలు కలిసి ఇరవై మంది. ఎదురింటి కృష్ణమూర్తి బాల్కనీలో పదిమంది. అదీ కుప్పుస్వామి కట్టిందే, రెండు నెలల కిందట.

వేషాలు వీధి మలుపు తిరిగేసరికి ఎదురింటి బాల్కనీ గోడ దగ్గర విరిగి వీధిలో పడింది. కృష్ణమూర్తి తల్లి అక్కడే పోయింది.

చెంగయ్య తనవాళ్ళందరినీ లోపలికి లాగి, వీధిలోకి పరుగెత్తి కుప్పుస్వామిని పట్టుకున్నాడు.

"మాదీ పడతాదా?"

మేస్త్రీ విరిగిన ముక్కల్లోకి చూస్తూ ఉన్నాడు. వాటిలో కమ్మీలు అడుగున ఉన్నాయి.

"పడదు సామీ. ఆ మనిషి పైన కట్టినట్టే పోసినాము," అన్నాడు.

చెంగయ్య ఆ కాళ్ళతోనే స్టేషనుకు పోయి, ఆ మనిషి ఎక్కడున్నాడని అడిగాడు.

"మునివెంకటప్పనా?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు పెంచలయ్య. "ఆరు నెలలు శిక్ష పడినాది. నాలుగో నెల్లోనే జైల్లో జొరమొచ్చి పోయినాడు."

చెంగయ్య బల్ల మీదికి వంగి నిజం చెప్పేశాడు.

"ఆయప్ప ఏమీ ఎత్తకపోలేదు. నేనే తప్పుగా అనుకున్నా."

"ముందే రెండేండ్లు జైల్లో ఉండి వచ్చినోడు. నీ సాక్ష్యం ఇన్నాక ఆయప్ప మాట ఎవురు నమ్ముతారు?"

అంత సిగ్గులోనూ చెంగయ్యకు కొంచెం ఊపిరి అందింది. పాత దొంగే అయితే తన పాపం సగం తగ్గుతుంది.

"అప్పుడేమి దొంగిలించినాడు?"

"దొంగతనం కాదప్పా," అన్నాడు పెంచలయ్య. "మద్రాసులో ఒక బాల్కనీ కూలి నలుగురు సచ్చిపోయినారు, దాంట్లో కమ్మీలు అడుగున కట్టిన మేస్త్రీ ఆయప్పే."