పాస్‌వర్డ్ తప్పు

"పాస్‌వర్డ్ తప్పు" అంది కంప్యూటర్.

పదకొండు రోజులుగా అదే మాట.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. చేతికి లొంగని యంత్రమంటే ఒళ్ళు మంట.

"నాకేం మతిమరుపా? ఎనిమిదేళ్ళుగా అదే పాస్‌వర్డ్!"

"కంప్యూటర్ షాపుకి ఫోన్ చేశాను మావయ్యా. పొద్దున్నే మనిషి వస్తానన్నాడు" అంది కోడలు.

అంతలోనే గంట మోగింది. గుమ్మంలో తల నెరిసిన మనిషి. భుజాన సంచీ.

"కంప్యూటర్ కోసమేగా? రండి రండి" అంది కోడలు.

ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"ఏమైంది కంప్యూటర్‌కి?"

"మెయిల్ తెరుచుకోవడం లేదు. పదకొండు రోజుల నుంచి మా మావయ్య మమ్మల్ని వేపుకు తింటున్నారు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. లోపలికి వచ్చాడు.

కంప్యూటర్ పక్కనే చదరంగం బల్ల. ఆట మధ్యలో ఆగి ఉంది. ఆయన చూపు ముందు దాని మీదికే పోయింది.

"అటు కాదయ్యా, ఇటు. పాడైంది ఇది" అన్నాడు పెద్దాయన.

ఆయన కూర్చుని మెయిల్ ప్రోగ్రాంలో సెట్టింగులు తెరిచాడు.

"చూసేదేముంది? వాడు పాస్‌వర్డ్ మార్చేశాడు" అన్నాడు పెద్దాయన.

"ఎవరు?"

"నాతో మెయిల్లో చదరంగం ఆడేవాడు. రోజుకో ఎత్తు. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. అయినా తమ్ముడూ అని రాసేవాణ్ణి."

ఆయన మరో పేజీ తెరిచాడు.

"పోయినేడు గుండె ఆపరేషన్‌కి వెళుతూ, బుద్ధి గడ్డి తిని, పాస్‌వర్డ్ వాడికి రాసి పంపాను. నేను లేవకపోతే ఉత్తరాలన్నీ చెరిపెయ్ తమ్ముడూ అని." పెద్దాయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ పోయినప్పుడు నేను ఏడవలేదని అందరూ చెప్పుకున్నారు. ఏడ్చానయ్యా. వాడి దగ్గరే ఏడ్చాను. అన్నీ అందులోనే ఉన్నాయి."

మౌస్ మీద ఆయన చెయ్యి ఆగింది.

"మార్చింది అతనేనని ఎలా చెప్పగలరు?"

"ఇంకెవరు? నా గుర్రం వాడి నల్లరాజు పీక మీద కూర్చుంది. తప్పించుకునే దారి లేదు. మర్నాడే నా మెయిల్‌కి తాళం పడింది. ఓడానని ఒక్క ముక్క రాయలేని పిరికివాడు! ఈపాటికి నా ఏడుపులన్నీ నలుగురికీ చదివి వినిపించి నవ్వుకుంటూ ఉంటాడు."

ఆయన తెర మీద ఒక వరస చూపించాడు.

"పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు" అన్నాడు ఆయన. "మెయిల్ కంపెనీవాళ్ళు పాత దారి మూసేశారు. ఇది ఇంకా ఆ దారికే పోయి తలుపు కొడుతోంది. పోయిన నెల నాకూ ఇలాగే అయింది."

"మరి పాస్‌వర్డ్ తప్పు అంటుందేం?"

"దానికి తెలిసిన తిట్టు అదొక్కటే."

పెద్దాయనకి నవ్వు వచ్చింది. రానివ్వలేదు.

"వాణ్ణి వెనకేసుకురాకు. వాడి సంగతి నీకేం తెలుసు?"

ఆయన రెండు అంకెలు మార్చాడు. ఖాళీ గడిలో గబగబా ఏదో కొట్టాడు. టింగుమంది. మెయిళ్ళు ఒకదాని మీద ఒకటి దిగసాగాయి.

"ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చేసుకోండి."

"ఎవరూ ముట్టుకోలేదన్నావుగా?"

"పాతది అతని దగ్గరుంది కదా. నమ్మకం పోయాక ఉంచకూడదు."

మార్చే పేజీ తెరిచిపెట్టి, లేచి, చదరంగం బల్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

"నాకు కనపడకుండా కొట్టండి."

పెద్దాయన కీబోర్డు మీదికి వంగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తలెత్తేసరికి ఆయన సంచీ భుజాన వేసుకుని ఉన్నాడు.

"వస్తాను, అన్నగారూ."

"పని చేశావు, సంతోషం. వరసలు కలపకు. ఆ పిలుపు పిలిచినవాడు ఒకడు చాలు నాకు."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

బల్ల మీద నల్లరాజు పడిపోయి ఉన్నాడు.

"చెయ్యి తగిలించి పడేశాడు. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నాడో!" విసుక్కుంటూ నిలబెట్టాడు పెద్దాయన.

కళ్ళజోడు కోసం తడుముతుంటే మళ్ళీ గంట మోగింది.

"ఆలస్యమైందండీ. మెయిల్ రావట్లేదని ఫోన్ చేసింది మీరేనా?"

"మీ షాపు నుంచి ఒకాయన ఇప్పుడే వచ్చి బాగుచేసి వెళ్ళారుగా?" అంది కోడలు.

"మా షాపులో నేనొక్కణ్ణేనండీ." వచ్చినవాడు పెద్దాయన వైపు తిరిగాడు. "ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పాస్‌వర్డ్ చెప్పేస్తే ఎలాగండీ?"

"చెప్పలేదు" అన్నాడు పెద్దాయన.

తెర వైపు తిరిగాడు. "అతను అడగలేదు."

కళ్ళజోడు పెట్టుకున్నాడు. మెయిల్లోకి చూశాడు.

తమ్ముడి పేరుతో పదకొండు ఉత్తరాలు. రోజుకొకటి.

మొదటిది: "అన్నగారూ, ఓడిపోయాను. నా రాజును పడుకోబెట్టాను. రేపు కొత్త ఆట మొదలుపెడదామా?"

చివరిది, నిన్న సాయంత్రం రాసినది: "అన్నగారూ, మీ నుంచి పలుకు లేదు. మీరు లేకపోతే ఉత్తరాలు చెరిపెయ్యమన్నారు. నాకు చేతులు రావడం లేదు. ఆపరేషన్ ముందు మీరు రాసిన చిరునామా పట్టుకుని రేపు పొద్దున వస్తున్నాను. నన్ను గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదు. మీరు బతికుంటే చాలు, చూసి వచ్చేస్తాను."