మిల్లు ఆంప్లిఫయరు

"ఇవాళ ఇచ్చెయ్యాల్సిందే. ఇంక మాట పోగొట్టుకోను," అన్నాడు సౌండు మేస్త్రి, పాత ఆంప్లిఫయరు మూత విప్పుతూ.

భార్య తలెత్తలేదు. బల్ల మీద వెలుతురు పడేలా కిటికీ పరదా పక్కకు లాగింది.

ఆయన నోట "ఇవాళ" అన్న మాట బజారు ఏనాడూ ఎరగదు. రేడియో తెచ్చినా, మైకు తెచ్చినా "రేపు రండి" అనేవాడు. పని మాత్రం బంగారం. అందుకే జనం తిట్టుకుంటూనే తిరిగేవాళ్ళు. తిరిగి తిరిగి చెప్పులరిగాయని ఒకాయన మేస్త్రినే కొత్త జత కొనిపెట్టమన్నాడట.

ఈ పెట్టె సంగతి వేరు. ఇది బట్టల మిల్లుది. మగ్గాల హోరులో మనిషి అరిస్తే పక్కవాడికే వినబడదు. ఏదైనా ముంచుకొస్తే లోపలివాళ్ళందరినీ ఒక్కసారిగా బయటికి పిలవడానికి మిల్లువాళ్ళు పెట్టుకున్నది ఇదొక్కటే.

"మీ తమ్ముడు నిన్నగాక మొన్న కూడా అడిగాడే. 'బావా, పెట్టె గుర్రుమంటోంది, సౌండు పెంచితే గొంతు పడిపోతోంది, ఎప్పుడు చేస్తావు' అని. వాడూ అక్కడే కదా పనిచేసేది!"

"అవునండీ," అంది ఆమె.

ప్లగ్గు పీకే ఉంది. అయినా ఆయన తొందరపడలేదు. ప్లగ్గు పీకినా కెపాసిటర్ల కడుపులో కరెంటు ఉండిపోతుంది. వైర్లు తగిలించిన బల్బును వాటి కాళ్ళకు ఆనించి చూశాడు. వెలగలేదు. అప్పుడు గాని చెయ్యి పెట్టలేదు.

"ఇలా చూడు. ఈ కెపాసిటర్ డబ్బాల తల చదునుగా ఉండాలి. ఎలా ఉబ్బాయో చూశావా? పలుకుతోంది కదా, ఇంకో నెల లాగుతుందిలే అనుకున్నాను. తప్పు కదూ?"

ఆమె టంకం తీగ అందించింది.

"తప్పే," అన్నాడు ఆయనే.

టంకం కరిగి సన్నగా పొగ లేచింది. ఆయన చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏదో కాలుతోందే."

"టంకం వాసనండీ."

"కాదు. నూలు కాలుతున్న వాసన. పొయ్యి మీద గుడ్డేమైనా పడిందేమో చూడు."

"పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. మీరు పని చూసుకోండి."

ఆ వాసన ఈ మధ్య ఆమెకూ తగులుతోంది. గది మూలల వైపు చూడాలంటే భయమేస్తోంది. చూడకుండా ఉండాలన్నా భయమే.

ఆయన పాత కెపాసిటర్లు పీకి చెత్తడబ్బాలో పడేశాడు. కొత్తవాటి మీద మైనస్ చార ఎటుందో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. తిరగబడితే టపాకాయే. టంకం పెట్టి, ముందుగా బల్బు మీదుగా కరెంటిచ్చాడు. బల్బు భగ్గుమని, మెల్లగా మసకబారింది. ఎక్కడా షార్టు లేదన్నమాట. పెట్టెలో గుర్రు కూడా లేదు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

మైకు తగిలించాడు.

"నువ్వు పెరటి గోడ దాకా వెళ్ళు. వినబడితే చెయ్యెత్తు."

ఆమె వెళ్ళింది.

"అందరూ బయటికి రండి. తోసుకోకండి. ఎక్కడివక్కడ వదిలేసి బయటికి రండి!"

గోడలు అదిరాయి. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. ఎవరో వస్తున్నారన్నట్టు ఆమె సందు చివరిదాకా చూసింది. చాలాసేపటికి గాని చెయ్యెత్తలేదు.

ఆయన ముఖం విచ్చుకుంది. గుండెల మీద కుంపటి దించుకున్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ తమ్ముడికి కబురు పెట్టు. షిఫ్టు ఎక్కేలోపు తీసుకుపొమ్మను. ఇంక భయం లేదని చెప్పు."

"అలాగేనండీ," అంది ఆమె.

ఆయన కూర్చున్నచోటే కళ్ళు మూశాడు. కాసేపటికి గురక మొదలైంది.

ఈ పెట్టె పలక్క, మిల్లు మంటల్లోంచి తమ్ముడు బయటికి రాని నాటి నుంచి రోజూ చేస్తున్నట్టే, ఆమె చెత్తడబ్బాలోంచి ఆ ఉబ్బిన కెపాసిటర్లను ఏరి, కొత్తవి ఊడదీసి, పెట్టెలో మళ్ళీ పాతవాటినే అతికించింది.