పరుపు మీద నా సగం

ఆస్ట్రేలియాలో మా దగ్గరి ఊరు టామ్‌వర్త్‌లోని పరుపుల కొట్లో, పరుపు మీద పరుచుకునే టాపర్లు మూడింటి మీదా పావుగంట చొప్పున పడుకుని చూశాను. మొదటిదాంట్లో కూరుకుపోయి, వెల్లకిలా పడ్డ గొర్రెలా లేవలేకపోయాను.

"నీ నడుం నొప్పంతా బుర్రలోనే ఉంది డల్సీ," అన్నాడు మా ఆయన రెజ్, కొట్లో అందరికీ వినబడేలా. "నలభై ఏళ్ళు వంగి గొర్రెల బొచ్చు కత్తిరించాను. ఎప్పుడైనా అబ్బా అన్నానా?"

"నువ్వు అనలేదు. నేను అంటున్నాను. నోరు మూసుకుని నిలబడు."

రెజ్ విసురుగా ఎదుటి పబ్బులోకి వెళ్ళిపోయాడు.

మూడోది నా నడుముకు సరిపోయింది. సింగిల్ సైజు ఇమ్మన్నాను.

"మీది డబుల్ మంచం అన్నారు కదా మేడమ్?" అన్నాడు కొట్టతను.

"ఆయన వైపు ఏ నొప్పీ లేదట."

నాలుగోనాడు మధ్యాహ్నం కోళ్ళకు మేత వేసి వచ్చేసరికి, మంచం మీద నా వైపు రెజ్ పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవలేకపోయాడు.

"చెప్పు," అన్నాను.

"ఏం చెప్పమంటావ్?"

"నొప్పిగా ఉందని చెప్పు. నోటితో చెప్పు."

మోచెయ్యి ఆనించి మళ్ళీ లేవబోయి, వెనక్కి వాలిపోయాడు.

"నడుం విరిగిపోతోందే," అన్నాడు చివరికి. "ఎన్నేళ్ళ నుంచో."

"నువ్వు లేసుల బూట్లు మానేసిన రోజే నాకు తెలుసు. మొన్న నువ్వు పబ్బులోకి వెళ్ళాక కొట్లో రెండు కొన్నాను. నీది మంచం కిందే ఉంది. వంగగలిగినవాడివైతే ఎప్పుడో చూసుండేవాడివి. ఊఁ, జరుగు. ఇది నా చోటు."