తేలిక బండి

రెండు వెదురుబళ్లు ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చి ఆగాయి. మధ్యలో మూరెడు ఎడం.

"మీ బండి దించుకోండి," అన్నాడు ఎదుటి బండి తోలే తోయున్.

"మేమెందుకు? మీరూ ముగ్గురే, మేమూ ముగ్గురమే," అన్నాడు ఇవతలి బండి తోలే రిథీ.

అతని బండిలో చన్తూ ఒడిలో తల పెట్టుకుని ఆమె భర్త పడుకున్నాడు. నాలుగు రోజులుగా మలేరియా జ్వరం. ఇంజను మోతలోనూ అతని పళ్లు టకటకలాడటం వినిపిస్తోంది. బత్తంబాంగ్ ఆసుపత్రి ఇంకా గంట దూరం.

యుద్ధం ఆగి ఆరేళ్లయినా రైలు వారానికొక్కసారే వస్తుంది. రోడ్డులో పాతిన మందుపాతరలు ఇంకా తీయలేదు. అందుకని పల్లెలవాళ్లు ఇరుసుల మీద వెదురుతడిక పరిచి, చిన్న ఇంజను బిగించుకుని ఈ పట్టాల మీదే తిరుగుతారు. ఎదురుపడితే రివాజు ఒకటే. మనుషులు తక్కువున్న బండిని విప్పి పక్కన పెట్టాలి, రెండోది దాటిపోవాలి.

తమ బండిలోనూ పడుకున్న మనిషి ఉన్నాడని తోయున్ చాప వైపు చూపించాడు. దాని పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. పడుకున్న మనిషి ముఖం మీద గళ్లగుడ్డ కప్పి ఉంది. చన్తూ దాన్నే చూసింది. ఈ ఎండలో నిద్రపోయేవాడికి ఎవరూ ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కప్పరు.

"అతను పోయాడు కదూ?" అంది.

తోయున్ తల దించుకున్నాడు.

"శవం లెక్కలోకి రాదు. మీరు ఇద్దరే. దించండి," అంది చన్తూ.

"పొద్దున దాకా వాడూ లెక్కలో ఉన్నాడమ్మా," అంది ముసలామె. దారిలో నేల మీద పెడితే తన కొడుకు ఇక్కడే తిరుగుతుంటాడని, ఇల్లు కనుక్కోలేడని చెప్పింది. చన్తూ వినిపించుకోలేదు. చచ్చినవాళ్లకు తొందరేముందని అడిగింది. ఆ మాటకు రిథీ కూడా ముఖం తిప్పుకున్నాడు.

వాదన తెగలేదు. నూనె దండగని ఇద్దరూ ఇంజన్లు ఆపేశారు. రైలుకట్టకు రెండువైపులా మందుపాతరలున్నాయని చెప్పే పుర్రెబొమ్మల ఎర్రపలకలు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

ముసలామె కొడుకు ముఖం మీది గుడ్డ సరిచేసింది.

"దించు తోయున్. ఆ పిల్ల మొగుడు ఇంకా బతికున్నాడు."

తోయున్, ఆమె కలిసి చాపను జాగ్రత్తగా కంకరమీదికి దించారు. తోయున్ ఇంజను ఊడదీయడానికి వంగాడు. చన్తూ ఊపిరి పీల్చుకుని, ఇక బయల్దేరదామంది. ఆమె ఒడిలోంచి జారుతున్న రోగి తల సర్దబోయిన రిథీ, అతని మెడ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"విప్పొద్దన్నా," అన్నాడు చివరికి. "మేమూ ఇద్దరమే."